వెలుతురు మారుతోందా, ఫ్రేమ్ మారుతోందా? ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఎప్పుడు, మాన్యువల్ ఎప్పుడు

తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా వేసుకున్న మనిషిని నిలబెట్టి, లెక్కంతా కెమెరాకే వదిలేసి ఒక ఫొటో తీయండి. గోడా చొక్కా రెండూ ఉతికి ఎన్నాళ్లో అయినట్టు మాసిన రంగులో వస్తాయి. అదే కెమెరాతో నల్ల సోఫా మీద పడుకున్న నల్ల కుక్కను తీస్తే, అది బూడిదలో పొర్లి వచ్చినట్టు కనిపిస్తుంది. రెండు చోట్లా కెమెరా చెడిపోలేదు. వెలుతురును కొలిచే దాని మీటర్ తనకు చేతనైన పని చేసింది, అంతే.

ఆ మీటర్ కొలిచేది వస్తువు మీద పడిన వెలుతురును కాదు, వస్తువుకు తగిలి తిరిగొచ్చిన వెలుతురును. తక్కువ వెలుతురు తిరిగొచ్చిందంటే గది చీకటిగా ఉందా, వస్తువే నల్లగా ఉందా అన్నది దానికి తెలిసే దారి లేదు. అందుకని ఒక ఊహ పెట్టుకుంది. ఏ దృశ్యమైనా మొత్తం కలిపి చూస్తే నలుపుకీ తెలుపుకీ మధ్యలో ఉండే బూడిద రంగుకు దగ్గరగా ఉంటుందని. ఫొటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు తన మీద పడిన వెలుతురులో 18 శాతాన్ని తిప్పి పంపుతుంది. మీటర్ ఊహ కూడా సుమారుగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 1983లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఏ కెమెరా ఫ్రేమ్‌ను అయిదు భాగాలు చేసి ఒక్కోదాన్ని విడిగా కొలిచే పద్ధతి తెచ్చింది. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి దానికి తగ్గట్టు లెక్క వేసుకుంటాయి. పొరపాట్లు తగ్గాయి గానీ పోలేదు. తెల్లటి మంచు, నల్లటి స్టేజీ, కిటికీ ముందు నిలబడ్డ మనిషి, ఈ మూడూ నేటికీ మీటర్‌ను తికమక పెడుతూనే ఉన్నాయి.

దీన్ని సరిచేయడానికి చేతిలో చాలా దారులున్నాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా లెక్క వేసిన ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుతురును) పెంచే, తగ్గించే ఆ +/− గుర్తున్న డయల్ లేదా బటన్. పూర్తి మాన్యువల్ మోడ్, అంటే అంకెలన్నీ మనమే పెట్టుకోవడం. ఏఈ లాక్. స్పాట్ మీటరింగ్. బ్రాకెటింగ్. ఇవేవీ కాకుండా రా ఫైలు (సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైలు) తీసుకుని తర్వాత కంప్యూటర్‌లో చూసుకుందాంలే అనుకోవడం. అసలైన ఫొటోగ్రాఫర్ మాన్యువల్‌లోనే తీస్తాడని ఒక మాట ఎప్పుడూ వినిపిస్తుంటుంది. నేను దాన్ని ఒప్పుకోను. షట్టర్ నొక్కేముందు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. వెలుతురు మారుతోందా, ఫ్రేమ్‌లో ఉన్నది మారుతోందా? దీనికి జవాబు దొరికితే ఏ దారి పట్టాలో చాలామటుకు తేలిపోతుంది.

డయల్ తిప్పితే లోపల ఏం జరుగుతుంది

ప్లస్ 1 అంటే మీటర్ చెప్పినదానికి రెట్టింపు వెలుతురు, ఈ తేడానే ఒక స్టాప్ అంటారు. మైనస్ 1 అంటే సగం. ప్లస్ 2 అంటే నాలుగు రెట్లు. చాలా కెమెరాల్లో డయల్ ఒక్కో క్లిక్‌కు మూడో వంతు స్టాప్ కదులుతుంది, అంటే సుమారు 26 శాతం ఎక్కువ వెలుతురు. ఇక్కడివరకు అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఏమిటంటే, కాంపెన్సేషన్ తనంతట తాను కొత్త వెలుతురు తేలేదు. షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం), అపర్చర్ (లెన్స్ రంధ్రం తెరుచుకునే మేర), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) అనే మూడింటిలో దేన్నో ఒకదాన్ని కదపాల్సిందే. దేన్ని కదుపుతుందనేది మీరున్న మోడ్‌ను బట్టి ఉంటుంది.

అపర్చర్ మీరు పెట్టి షట్టర్ స్పీడ్‌ను కెమెరాకు వదిలే అపర్చర్ ప్రయారిటీలో, ఐఎస్ఓ స్థిరంగా పెట్టి ఉంటే, కదిలేది షట్టర్ స్పీడ్. మీటర్ 1/125 సెకను చెప్పిన చోట మీరు ప్లస్ 2 పెడితే 1/30 అవుతుంది. ఫొటో వెలుతురుగా వస్తుంది, నిజమే. చేయి కాస్త వణికినా, ఎదుటి మనిషి తల తిప్పినా మసకగా కూడా వస్తుంది. ప్లస్ పెట్టాక ఫొటోలు షార్ప్‌గా రావడం లేదని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది లెన్స్‌ను కాదు, షట్టర్ స్పీడ్‌ను. షట్టర్ స్పీడ్ మీరు పెట్టే షట్టర్ ప్రయారిటీలో కదిలేది అపర్చర్. ఎఫ్/5.6 దగ్గర ఉంటే ప్లస్ 2తో ఎఫ్/2.8కి తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది). మీ లెన్స్ అంతకన్నా తెరుచుకోలేకపోతే డయల్ ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు, తెర మీద అంకె మెరుస్తూ హెచ్చరిస్తుంది. ఐఎస్ఓను కెమెరాకే వదిలే ఆటో ఐఎస్ఓ పెట్టి ఉంటే చాలా కెమెరాలు ముందుగా ఐఎస్ఓను పెంచుతాయి. 400 కాస్తా 1600 అవుతుంది, దాంతోపాటు నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే గరుకుదనం, వస్తుంది. ఈ మూడింట్లో మీకు ఏ నష్టం పరవాలేదో ముందే అనుకుని మోడ్ ఎంచుకోండి. కదలని దృశ్యానికి, ట్రైపాడ్ ఉన్నప్పుడు షట్టర్ స్పీడ్ తగ్గినా బాధ లేదు. పరిగెత్తే పిల్లలకు ఐఎస్ఓ పెరగడమే నయం.

పూర్తి మాన్యువల్‌లో, ఐఎస్ఓ కూడా మీరే పెట్టి ఉంటే, కాంపెన్సేషన్ డయల్ తిప్పినా ఫొటోలో మార్పు ఉండదు. మూడూ మీ చేతిలోనే ఉన్నాయి, ఇక కెమెరా కదపడానికి ఏం మిగల్లేదు. కొన్ని కెమెరాల్లో మీటర్ స్కేలు మాత్రం జరుగుతుంది. కొత్తవాళ్లు కెమెరా పాడైందని టెన్షన్ పడేది ఇక్కడే.

కాంపెన్సేషనా, మాన్యువలా

తెల్ల కొంగ ఒకటి ఎగురుతోందనుకోండి. ముందు దాని వెనక ఆకాశం ఉంది, తర్వాత ముదురు రంగు చెట్లు వచ్చాయి, ఆ తర్వాత మెరిసే నీళ్లు. మీరు కెమెరాను దాని వెంటే తిప్పుతున్నారు. కొంగ మీద పడుతున్న ఎండ ఆ పది సెకన్లలో కొంచెం కూడా మారలేదు. మారింది నేపథ్యం ఒక్కటే. కాంపెన్సేషన్ పెట్టి తీస్తే మీ అవస్థ చూడాలి. ఆకాశం ముందు కొంగ నల్లబడకుండా ప్లస్ 1 పెడతారు. అది చెట్ల ముందుకు రాగానే మీటర్ ఆ చీకటిని చూసి ఇంకా పెంచుతుంది. మీ ప్లస్ 1 దాని మీద కలుస్తుంది, కొంగ రెక్కల్లో ఒక్క ఈకా కనిపించకుండా తెల్లగా పేలిపోతుంది. ఇక్కడ మాన్యువల్‌కు తిరుగులేదు. అదే ఎండలో ఒకసారి సరిచూసుకుని అంకెలు బిగించేస్తే, నేపథ్యం ఏదైనా కొంగ ఒకేలా వస్తుంది.

దీనికి ఉల్టా సంగతి చూడండి. మబ్బులు వచ్చిపోతున్న రోజు మీరు వీధిలో నడుస్తూ తీస్తున్నారు. ఒక నిమిషం ఎండ, ఇంకో నిమిషం మబ్బు, సందులోకి తిరిగితే నీడ. మాన్యువల్‌లో ఉంటే ప్రతి అడుగుకీ అంకెలు మార్చుకుంటూ, అసలు చూడాల్సిన క్షణాన్ని చూడకుండా పోగొట్టుకుంటారు. ఇక్కడ వెలుతురు మారుతోంది, మీటర్ దాన్ని బాగా పట్టుకుంటుంది. అది చేసే పొరపాటు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది, ఆకాశం ఎక్కువైతే కాస్త ముదురుగా, లేకపోతే కాస్త వెలుతురుగా. ఆ తేడాను డయల్ మీద ఒకటి రెండు క్లిక్‌లతో సరిచేసి, మిగతా పరుగంతా కెమెరాకు వదిలేయొచ్చు.

సూత్రంలా చెప్పాలంటే ఇంతే. పడే వెలుతురు నిలకడగా ఉండి ఫ్రేమ్‌లో ఉన్నది మారుతుంటే మాన్యువల్. వెలుతురు మారుతూ, ఫ్రేమ్ కూర్పు దాదాపు ఒకేలా ఉంటే కాంపెన్సేషన్. స్టూడియో లైట్లు, పక్కపక్కనే అయిదారు ఫ్రేములు తీసి అతికించే పనోరమా, ఒకే గదిలో ఒకరి తర్వాత ఒకరి పోర్ట్రెయిట్లు మొదటి రకం. పనోరమాలో కాంపెన్సేషన్ వాడితే అతుకుల దగ్గర ఆకాశం మెట్లుమెట్లుగా వచ్చి కూర్చుంటుంది. మంచు కురిసిన మైదానంలో నడక, మబ్బులాట ఉన్న కొండ దారి రెండో రకం. స్టేజీ మాత్రం అటూ ఇటూ కానిది. లైట్లు స్థిరంగా ఉండే నాటకానికి మాన్యువల్ హాయి. రంగులు మారుతూ మెరిసే సంగీత కచేరీకి మైనస్ 1 నుంచి మొదలుపెట్టిన కాంపెన్సేషన్ నయం. చుట్టూ ఉన్న చీకటిని చూసి మీటర్ ఎప్పుడూ ఎక్కువ వెలుతురు ఇవ్వబోతుంది కాబట్టి ఆ మైనస్ అవసరం.

రెండూ మారుతుంటే? అప్పుడు మధ్యేమార్గం ఒకటుంది, నాకు బాగా ఇష్టమైంది కూడా. మాన్యువల్ మోడ్‌లో ఆటో ఐఎస్ఓ పెట్టుకోవడం. షట్టర్ స్పీడూ అపర్చరూ మీ ఇష్టం, వెలుతురు లెక్క ఐఎస్ఓ చూసుకుంటుంది. చాలా కొత్త కెమెరాల్లో ఈ స్థితిలో కాంపెన్సేషన్ కూడా పనిచేస్తుంది. కొన్ని పాత మోడళ్లలో పనిచేయదు, కాబట్టి మీ కెమెరాలో ఒకసారి డయల్ తిప్పి ఐఎస్ఓ అంకె కదులుతుందో లేదో చూసుకోండి. పేరుకే మాన్యువల్ అని గుర్తుంచుకోండి, నిజానికి ఇది ఆటో ఎక్స్‌పోజరే. కొంగ విషయంలో చెప్పిన చిక్కు దీనికీ ఉంటుంది.

ఏఈ లాక్, స్పాట్ మీటరింగ్

ఒకే ఒక ఫ్రేమ్ కోసం అయితే ఏఈ లాక్ (మీటర్ కొలతను బిగించి ఉంచే బటన్) చాలు. కిటికీ ముందు మనిషి ఉంటే, కెమెరాను కిందికి వంచి కిటికీ లేకుండా మనిషిని మాత్రమే కొలిచి, లాక్ నొక్కి పట్టుకుని, మళ్లీ ఫ్రేమ్ సరిచేసి తీయడం. ఎన్ని స్టాపులు ప్లస్ పెట్టాలో ఊహించే పని ఉండదు. అదే కిటికీ దగ్గర ఇరవై ఫొటోలు తీయాలంటే మాత్రం బొటనవేలు నొప్పెడుతుంది. అప్పుడు కాంపెన్సేషన్‌కు మారిపోవడమే మేలు.

స్పాట్ మీటరింగ్ ఫ్రేమ్‌లో చిన్న చుక్కంత చోటునే కొలుస్తుంది. దీన్ని కాంపెన్సేషన్‌కు బదులుగా వాడే వస్తువు అనుకుంటారు చాలామంది. కాదు, ఇది కాంపెన్సేషన్‌తో కలిసి పనిచేసేది. స్పాట్‌ను తెల్ల చొక్కా మీద పెడితే మీటర్ ఆ చొక్కానే మధ్యస్థ బూడిదగా చేస్తుంది, మామూలు మీటరింగ్ కన్నా ఇంకా ఘోరంగా. అది తెల్లగా, కానీ నేత కనిపించేలా రావాలంటే సుమారు ప్లస్ 2 మీరే ఇవ్వాలి. 1940 ప్రాంతంలో ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి రూపొందించిన జోన్ సిస్టమ్ (నలుపు నుంచి తెలుపు వరకు జోన్లుగా విడగొట్టే పద్ధతి) లోపలి ఆలోచన కూడా ఇదే. మీటర్ ఇచ్చేది నడిమి జోన్, ఆ వస్తువును ఏ జోన్‌లో కూర్చోబెట్టాలో నిర్ణయించేది మనం. 1983 నాటి ఒలింపస్ ఓఎం-4 ఫిల్మ్ కెమెరాలో ఇందుకోసం రెండు విడి బటన్లే ఉండేవి, స్పాట్ కొలతను తెలుపుకు పైకి జరిపేది ఒకటి, నలుపుకు కిందికి జరిపేది ఇంకొకటి. తెలుపుకు అది జరిపింది రెండు స్టాపులే. ఇప్పటి చాలా కెమెరాల్లో అలాంటివి ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

చందమామను తీయడానికి స్పాట్ అంత సులువైనది ఇంకోటి లేదు. చుట్టూ చీకటి ఉంది గానీ, చందమామ నేరుగా ఎండలో ఉన్న రాతి ముద్ద. మామూలు మీటరింగ్‌లో మైనస్ ఎంత పెట్టాలో ఊహించడం కష్టం, తెర మీది మీటర్ అట్టడుగుకు పోయినా చాలకపోవచ్చు. స్పాట్ వద్దనుకుంటే మాన్యువల్‌లో ఎఫ్/11, ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 దగ్గర మొదలుపెట్టండి, నిండు చంద్రుడికి అది పాతకాలం నుంచి వస్తున్న లెక్క.

బ్రాకెటింగ్, లేదా తర్వాత చూసుకుందాం అనుకోవడం

మళ్లీ ఆ చోటికి రాలేం, ఎంత పెట్టాలో తెలియడం లేదు, దృశ్యం కదలడం లేదు. ఈ మూడూ కలిసినప్పుడు బ్రాకెటింగ్. మీటర్ చెప్పినట్టు ఒకటి, మైనస్ 1 ఒకటి, ప్లస్ 1 ఒకటి. కెమెరా తనే వరుసగా తీస్తుంది. కదిలే దృశ్యాలకు ఇది దండగ, మూడింట్లో మంచి నవ్వు ఎప్పుడూ తప్పు ఎక్స్‌పోజర్ ఉన్న ఫ్రేమ్‌లోనే పడుతుంది.

రా ఫైలు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాంపెన్సేషన్ అవసరమే లేదనే వాదన ఇక్కడి నుంచే వస్తుంది. అందులో సగం నిజముంది. కెమెరా తనే తయారుచేసి కుదించి ఇచ్చే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, తర్వాత వెలుతురు పెంచుతూ లాగితే రంగులు చారలుగా విరుగుతాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి, చీకటి భాగాలను రెండు మూడు స్టాపులు పైకి లాగినా తట్టుకుంటుంది. కానీ ఈ ఓర్పు ఒక వైపే. సెన్సర్ నిండిపోయి పూర్తిగా తెల్లబడిన చోట సమాచారమే లేదు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. అందుకే డిజిటల్‌లో మేఘాల అంచులు, తెల్ల బట్టల మడతలు, నుదుటి మీది మెరుపు పోకుండా చూసుకుంటే నీడలను తర్వాత లేపుకోవచ్చు.

అయితే భయపడి అన్నీ మైనస్‌లో తీయడం కూడా తప్పే. సెన్సర్ వెలుతురును సరళరేఖలో కొలుస్తుంది కాబట్టి అన్నిటికన్నా పై స్టాప్ ఒక్కటే ఆ మెట్లలో సగాన్ని వాడుకుంటుంది, నీడలకు మిగిలేవి కొన్నే. అసలు చిక్కు మెట్లది కూడా కాదు, నీడల్లో పట్టుకున్న వెలుతురే తక్కువ కాబట్టి లాగిన కొద్దీ నాయిస్ బయటపడుతుంది. హైలైట్స్ (బాగా వెలుతురున్న చోట్లు) పోనంత వరకు ప్లస్ వైపు నెట్టి తీసి, తర్వాత కిందికి దించుకునేవాళ్లు చేసేది ఈ లెక్క చూసుకునే. నిదానంగా తీసే ప్రకృతి దృశ్యాలకు అది పనికొస్తుంది. పెళ్లిలాంటి హడావుడిలో అంత లెక్క చూసుకునే తీరిక ఉండదు, నేనైతే మైనస్ మూడో వంతు దగ్గర పెట్టి ఊరుకుంటాను. జేపెగ్ మాత్రమే తీసేవాళ్లకు ఈ చర్చే అక్కర్లేదు, తీసేటప్పుడే సరిగ్గా రావాలి, కాంపెన్సేషన్ అలవాటు చేసుకోక తప్పదు.

ఎంత పెట్టాలి

మొదలుపెట్టడానికి కొన్ని అంకెలు చెబుతాను, వీటిని వేదంలా పట్టుకోవద్దు. మంచు, తెల్లటి ఇసుక, ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే ప్లస్ 1 నుంచి ప్లస్ 2. వెనక నుంచి వెలుతురు పడుతున్న మనిషికి ప్లస్ 1 నుంచి. 1976లో వచ్చిన కెనాన్ ఏఈ-1లో సరిగ్గా ఈ సందర్భానికే ఒక బటన్ ఉండేది, నొక్కితే ఒకటిన్నర స్టాప్ పెరిగేది. ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాల్లో ఇంత అవసరం రాదు, ముందు సున్నాలో ఒకటి తీసి చూడండి. నల్ల జంతువు ఫ్రేమ్ నిండా ఉంటే మైనస్ 1. సూర్యాస్తమయం రంగులు పాలిపోకుండా మైనస్ మూడింట రెండు వంతుల నుంచి 1 వరకు.

సరిపోయిందో లేదో వెనక తెర చూసి తేల్చుకోవద్దు. చీకట్లో ఆ తెర ఎంత ముదురు ఫొటోనైనా వెలుగుతున్నట్టు చూపిస్తుంది, ఎండలో ఎంత మంచిదాన్నైనా చీకటిగా చూపిస్తుంది. హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి ఎంత, వెలుతురు ఎంత అని చూపే గ్రాఫ్) కుడి అంచుకు గుద్దుకుని పేరుకుందా, తెల్లబడ్డ చోట్లు మినుకు మినుకుమంటున్నాయా, ఈ రెండూ చూస్తే చాలు. మైనస్ పెట్టినా జేపెగ్ మొండిగా వెలుతురుగానే వస్తుంటే, నీడలను తనంతట తాను లేపే సెట్టింగ్ ఏదో ఆన్‌లో ఉండి ఉంటుంది. కెనాన్‌లో దాని పేరు ఆటో లైటింగ్ ఆప్టిమైజర్. దాన్ని ఆపి మళ్లీ చూడండి.

ఫ్లాష్ వాడేవాళ్లు ఇంకో తేడా తెలుసుకోవాలి. కెనాన్ కెమెరాల్లో మామూలు కాంపెన్సేషన్ చుట్టూ ఉన్న వెలుతురునే మారుస్తుంది, ఫ్లాష్‌కు వేరే కాంపెన్సేషన్ ఉంటుంది. నికాన్‌లో మామూలుగా ఒకే డయల్ రెండింటినీ కదుపుతుంది, కొత్త మోడళ్లలో విడదీసుకునే సెట్టింగ్ ఇచ్చారు. సాయంత్రం నేపథ్యాన్ని ముదురు చేసి మనిషిని ఫ్లాష్‌తో వెలిగించాలంటే, ఏ బ్రాండు అన్నది తెలియకుండా సలహా చెప్పలేం.

ఫోన్‌లో ఇదంతా వేలితో అయిపోతుంది. ఐఫోన్‌లో 2014లో వచ్చిన ఐఓఎస్ 8 నుంచి తెరను తాకి పక్కనున్న సూర్యుడి గుర్తును పైకీ కిందికీ జరిపితే అదే కాంపెన్సేషన్, నొక్కి పట్టుకుంటే ఏఈ లాక్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటిదే ఉంది. ఫోన్లు అనేక ఫ్రేములు కలిపి ఒకటి చేస్తాయి కాబట్టి హైలైట్స్ గురించి కెమెరా అంత బెంగ అక్కర్లేదు. కాకపోతే అన్నిటినీ వెలిగించి పెట్టడం వాటికి అలవాటు. చీకటి చీకటిగా కనిపించాలంటే కాస్త కిందికి జరపండి.

కొత్త కెమెరా కొనేటప్పుడు పైన విడిగా కాంపెన్సేషన్ డయల్ ఉన్నది తీసుకోవాలా, బటన్ నొక్కి చక్రం తిప్పేది తీసుకోవాలా అని అడిగేవాళ్లకు నా ఓటు డయల్‌కే. ఒకసారి సాయంత్రం మైనస్ 2లో తీసి అలాగే ఆపేసి, మరుసటి పొద్దున ఒక కుటుంబం ఫొటోలు గంటసేపు ఆ మైనస్ 2లోనే తీశాను. చాలా కెమెరాల్లో ఆపేసినా ఈ విలువ పోదు. బటన్ పద్ధతిలో అది తెర మీద చిన్న అంకెగా మూలన కూర్చుంటుంది, తొందరలో కంటికి ఆనదు. డయల్ అయితే కెమెరా ఆపి ఉన్నా పైనుంచి చూస్తే తెలిసిపోతుంది. దానికీ లోపాలున్నాయి. డయల్ మీద సాధారణంగా ప్లస్ మైనస్ 3 వరకే అంకెలుంటాయి, ఫ్యూజీఫిల్మ్ కెమెరాల్లో సీ అనే గుర్తు దగ్గర పెడితే చక్రంతో 5 వరకు వెళ్లొచ్చు. లాక్ లేని డయల్ అయితే బ్యాగులోంచి తీసేటప్పుడు బట్టకు రాసుకుని తనే తిరిగిపోతుంది. కొనేముందు ఒకసారి బొటనవేలితో తిప్పి చూడండి, ఎంత బిగువుగా ఉందో.